వేడి నీరు ముందుగా చల్లబడుతుందా? వేగం వేరు, పట్టే సమయం వేరు

కర్నూలు, అనంతపురం, కడప పట్టణాల్లో మార్చి దాటిందంటే తాగే నీటిని చల్లబరచుకోవడం ప్రతి ఇంట్లోనూ రోజువారీ పని అవుతుంది. మిద్దె మీది నల్లని ప్లాస్టిక్ ట్యాంకులో నీరు మధ్యాహ్నానికి బయటి గాలితో సమానంగా, ఒక్కోసారి అంతకు మించి వేడెక్కుతుంది. కొళాయి తిప్పితే స్నానానికి వేరే కాచుకోనక్కర్లేనంత వెచ్చగా వస్తుంది. సరిగ్గా ఈ రోజుల్లోనే ఒక మాట ఫోన్లలో తిరుగుతూ ఉంటుంది: చన్నీళ్ల కంటే వేన్నీళ్లు ఫ్రీజర్‌లో పెడితేనే ఐసు త్వరగా కడుతుందని. ఇది శాస్త్రం నిరూపించిన సంగతే అని కొందరు, ఒట్టి అపోహ అని మరికొందరు వాదించుకుంటారు. రెండు వాదనల్లోనూ కొంత నిజం ఉంది. అయితే నీరు ఎంత వేగంగా వేడిని కోల్పోతోంది అన్న ప్రశ్ననూ, కోరుకున్న చల్లదనానికి ఎంతసేపట్లో చేరుతుంది అన్న ప్రశ్ననూ ఒకటిగా కలిపేయడం మాత్రం ఇరువైపులా జరుగుతున్న పొరపాటు.

క్లుప్తంగా

ఎక్కువ వేడిగా ఉన్న నీరు ఎక్కువ వేగంగా చల్లబడుతుంది. ఇందులో సందేహం లేదు. కానీ అది ప్రయాణించాల్సిన దూరం కూడా ఎక్కువ కాబట్టి, మిగతా పరిస్థితులన్నీ సమానంగా ఉంటే, తక్కువ వేడితో మొదలైన నీటిని అది దాటిపోదు. దాటినట్టు కనిపించిన ప్రయోగాల్లో నీరు ఆవిరై తగ్గడమో, గిన్నె కింది మంచు కరగడమో, గడ్డకట్టడం మొదలయ్యే క్షణం ఒక్కోసారి ఒక్కోలా ఉండటమో కారణాలుగా తేలాయి. రాయలసీమ వంటి పొడి ప్రాంతాల్లో నీరు ఎంతవరకు చల్లబడుతుందన్నది గాలి వేడి కంటే గాలిలోని తేమ మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

న్యూటన్ చెప్పిన నియమం

1701లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో రచయిత పేరు లేకుండా ఒక చిన్న వ్యాసం వెలువడింది. దాన్ని రాసినది ఐజాక్ న్యూటన్. కాల్చిన ఇనుప ముద్దను నిలకడగా వీచే గాలిలో పెట్టి, అది చల్లారే తీరును గమనించి ఆయన చెప్పిన సంగతినే నేడు పాఠ్యపుస్తకాల్లో న్యూటన్ శీతలీకరణ నియమంగా చదువుకుంటున్నాం. ఒక వస్తువు చల్లబడే వేగం దాని ఉష్ణోగ్రత మీద కాదు, దానికీ చుట్టూ ఉన్న గాలికీ మధ్య ఉన్న తేడా మీద ఆధారపడి ఉంటుందన్నది ఆ నియమం సారాంశం. తేడా రెండింతలైతే వేగమూ రెండింతలవుతుంది.

30 డిగ్రీల గదిలో మూత ఉన్న గిన్నెలో 90 డిగ్రీల నీరు పెట్టారనుకుందాం. తేడా 60 డిగ్రీలు. ఈ తేడా సగానికి, అంటే 30కి తగ్గడానికి, 20 నిమిషాలు పట్టిందనుకుంటే నీరు 60 డిగ్రీలకు వస్తుంది. మరో 20 నిమిషాలకు తేడా 15 అవుతుంది, నీరు 45 డిగ్రీలకు దిగుతుంది. ఆ తర్వాతి 20 నిమిషాల్లో ఏడున్నర డిగ్రీలు మాత్రమే తగ్గుతుంది. మొదటి 20 నిమిషాల్లో 30 డిగ్రీలు దిగిన నీరే మూడో 20 నిమిషాల్లో అందులో నాలుగో వంతు దిగుతుంది. కాచిన పాలు మొదట గబగబా వేడి తగ్గి, ఆ తర్వాత గోరువెచ్చని స్థితిలోనే చాలాసేపు ఉండిపోవడానికి కారణం ఇదే.

ఈ నియమం గాలి నిలకడగా వీచేటప్పుడు బాగా సరిపోతుంది. గాలి కదలని గదిలో కథ కొంచెం మారుతుంది. వేడి గిన్నె తన చుట్టూ ఉన్న గాలిని తానే వేడిచేసి పైకి పంపుతుంది. గిన్నె ఎంత వేడిగా ఉంటే ఆ గాలి అంత చురుగ్గా కదులుతుంది. అందువల్ల తేడా రెండింతలైతే చల్లబడే వేగం రెండింతల కంటే కాస్త ఎక్కువే, దాదాపు 2.4 రెట్లు, పెరుగుతుంది. దీనికి తోడు గిన్నె ఉపరితలం నుంచి వికిరణం రూపంలో పోయే వేడి కూడా ఉష్ణోగ్రతతో పాటు త్వరత్వరగా పెరుగుతుంది. వేడి నీటికి అనుకూలంగా ఇన్ని అంశాలు ఉన్నప్పుడు అది చన్నీళ్లను దాటిపోదా అన్న అనుమానం రావడం సహజం.

దాటిపోవడం ఎందుకు సాధ్యం కాదు

దానికి జవాబు గణితం లేకుండానే చెప్పవచ్చు. కడప నుంచి కర్నూలుకు బయలుదేరిన బస్సు ఎంత వేగంగా వెళ్లినా నంద్యాల దాటకుండా కర్నూలు చేరదు. అదే సమయానికి నంద్యాల నుంచి మరో బస్సు బయలుదేరిందనుకుందాం. ఏ చోట ఎంత వేగంతో వెళ్లాలన్నది ఆ చోటును బట్టే నిర్ణయమై ఉంటే, కడప బస్సు నంద్యాల చేరాక దాని వేగం కూడా నంద్యాల బస్సు అక్కడ చూపిన వేగమే అవుతుంది. అంతకుముందు ఎంత దూకుడుగా వచ్చినా ఆ దూకుడు అక్కడితో ముగుస్తుంది. కడప నుంచి నంద్యాల చేరడానికి పట్టిన సమయమంతా ఆలస్యంగానే మిగులుతుంది.

నీటి విషయంలో కూడా అంతే. 90 డిగ్రీల నీరు 60 డిగ్రీలకు దిగిన క్షణాన అది 60 డిగ్రీల నీరే. ఆ నీటికి తాను ఇంతకుముందు మరిగానన్న జ్ఞాపకం ఉండదు. చల్లబడే వేగం తేడాకు సమానంగా పెరిగినా, అంతకు మించి పెరిగినా ఈ వాదన చెక్కుచెదరదు. ఎందుకంటే ఇది వేగం ఎంత అన్న దాని మీద ఆధారపడలేదు, వేగాన్ని నిర్ణయించేది ప్రస్తుత ఉష్ణోగ్రత ఒక్కటే అన్న దాని మీద ఆధారపడింది. కాబట్టి వేన్నీళ్లు ముందుగా చల్లబడాలంటే ఒకే ఒక్క దారి ఉంది: 90 నుంచి 60కి దిగివచ్చిన నీరు, మొదటి నుంచీ 60 డిగ్రీల దగ్గర ఉన్న నీరు, ఈ రెండూ ఉష్ణోగ్రతలో తప్ప మరి దేనిలోనో వేరుగా ఉండాలి. ఈ అంశం మీద జరిగిన పరిశోధన అంతా నిజానికి ఆ తేడా ఏమిటో వెతకడమే.

అయితే ఆలస్యం ఎంత ఉంటుందన్నది చాలామంది ఊహించేదానికి భిన్నంగా ఉంటుంది. సున్నాకు 18 డిగ్రీలు దిగువన ఉన్న ఫ్రీజర్‌లో 90 డిగ్రీల నీటినీ 30 డిగ్రీల నీటినీ పక్కపక్కన పెడితే, వేన్నీళ్లు మూడు రెట్లు వేడిగా ఉన్నాయి కాబట్టి సున్నా డిగ్రీలకు చేరడానికి మూడు రెట్ల సమయం పడుతుందని తోస్తుంది. న్యూటన్ నియమం ప్రకారం లెక్క వేస్తే రెండు రెట్ల కంటే కాస్త తక్కువ సమయమే, సుమారు 1.8 రెట్లు, పడుతుంది. వేడి నీరు తన వెనుకబాటులో చాలా భాగాన్ని మొదట్లోనే పూడ్చుకుంటుంది కనుక, అంతరం ఇంత తక్కువగా ఉంటుంది. మరేదైనా చిన్న కారణం తోడైతే ఫలితం తారుమారు కావడానికి అవకాశం ఏర్పడేది కూడా అందుకే.

ఆవిరి అనే దొడ్డిదారి

మూత లేని గిన్నెలో నీటికి వేడిని వదిలించుకునే మరో మార్గం ఉంది. నీటి ఉపరితలం నుంచి ఆవిరయ్యే ప్రతి గ్రామూ తనతో పాటు దాదాపు 2,300 నుంచి 2,400 జౌళ్ల గుప్తోష్ణాన్ని, అంటే ఆవిరిగా మారడానికి పట్టే వేడిని, తీసుకుపోతుంది. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ చల్లబరచడానికి తీయాల్సినది 4.2 జౌళ్లే అని గుర్తుంచుకుంటే ఈ సంఖ్య ఎంత పెద్దదో తెలుస్తుంది. లీటరు నీటిలో 10 మిల్లీలీటర్లు ఆవిరైతే, ఆ వేడంతా నీటి నుంచే వచ్చిన పక్షంలో, మిగిలిన నీరు దాదాపు 6 డిగ్రీలు చల్లబడుతుంది.

నీరు ఆవిరయ్యే జోరు ఉష్ణోగ్రతతో సమంగా కాకుండా అంతకు ఎన్నో రెట్లు పెరుగుతుంది. దీన్ని కొలిచేది నీటి ఆవిరి పీడనం. 30 డిగ్రీల దగ్గర అది 4.2 కిలోపాస్కల్‌లు, 60 డిగ్రీల దగ్గర సుమారు 20, 90 డిగ్రీల దగ్గర 70. అంటే 60 నుంచి 90కి వెళ్లేసరికి గదితో ఉన్న ఉష్ణోగ్రత తేడా రెండింతలే అవుతుంది, కానీ ఆవిరయ్యే ఒత్తిడి మూడున్నర రెట్లవుతుంది. పళ్లెంలో పోసిన టీ, వెడల్పు గిన్నెలోకి వంచిన చారు మొదటి రెండు మూడు నిమిషాల్లోనే అంతగా వేడి తగ్గడం వెనుక ఉన్నది గాలి కంటే ఈ ఆవిరే. మూత పెడితే ఈ దారి చాలావరకు మూసుకుపోతుంది.

ఆవిరి వల్ల జరిగే మరో పని మన ప్రశ్నకు నేరుగా సంబంధించినది. నీటి పరిమాణం తగ్గుతుంది. కేవలం ఆవిరి ద్వారానే చల్లబడే నీరు 100 డిగ్రీల నుంచి సున్నాకు చేరేలోగా తన బరువులో దాదాపు ఆరో వంతు కోల్పోతుందని లెక్క. తక్కువ నీరు త్వరగా చల్లబడుతుంది, త్వరగా గడ్డకడుతుంది. పైన చెప్పిన బస్సు వాదనకు ఇది నిజమైన మినహాయింపు: 60 డిగ్రీలకు దిగివచ్చిన నీరు, 60 దగ్గరే ఉన్న నీరు, రెండూ ఇప్పుడు ఒకే మోతాదులో లేవు. 1969లో జార్జ్ కెల్ అనే శాస్త్రవేత్త ఈ వాదననే లెక్కలతో ముందుకు తెచ్చాడు. ఇది సబబైన వివరణే, కానీ మూత పెట్టిన పాత్రలకు ఇది వర్తించదు. పైగా ఐసు త్వరగా కట్టించుకోవడానికి నీటిని తగ్గించుకోవడమే మార్గమైతే మొదటే కొంచెం తక్కువ పోసుకోవచ్చు.

గాలి కంటే చల్లగా ఉండే కుండ

న్యూటన్ నియమాన్ని అక్షరాలా తీసుకుంటే, గాలి 42 డిగ్రీలు ఉన్న మధ్యాహ్నం 42 డిగ్రీల ట్యాంకు నీటిని మట్టికుండలో పోస్తే అది చల్లబడనే కూడదు. తేడా సున్నా, కాబట్టి వేగమూ సున్నా కావాలి. వాస్తవంలో ఆ నీరు పోసిన వెంటనే చల్లబడటం మొదలవుతుంది, రాత్రికల్లా గాలి కంటే ఎంతో దిగువకు చేరుతుంది. రాయలసీమలో తరతరాలుగా అందరికీ అనుభవంలో ఉన్న ఈ విషయం, నీటి శీతలీకరణను అర్థం చేసుకోవడానికి పాఠ్యపుస్తకంలోని నియమం కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

కుండ గోడలోని సన్నని రంధ్రాల గుండా నీరు బయటికి చెమరుస్తుంది, పొడి గాలి దాన్ని ఆవిరి చేసుకుపోతుంది, దానికి కావలసిన వేడిని లోపలి నీరు ఇస్తుంది. ఇలా చల్లబడే నీటికి అడుగు హద్దు గాలి ఉష్ణోగ్రత కాదు. తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్ గాలిలో చూపే ఉష్ణోగ్రత. దీన్నే తడి బల్బు ఉష్ణోగ్రత అంటారు. గాలి 42 డిగ్రీలు, తేమ 20 శాతం ఉన్న మధ్యాహ్నానికి ఈ హద్దు సుమారు 24 డిగ్రీలు. సముద్రతీరంలో గాలి 38 డిగ్రీలే ఉన్నా తేమ 60 శాతం ఉంటే ఆ హద్దు 31 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంటే ఎండ ఎక్కువ కాసే అనంతపురంలో కుండ నీరు, ఎండ తక్కువగా ఉన్న మచిలీపట్నంలో కుండ నీటి కంటే చల్లగా ఉండగలదు. వానలకు దూరమైన నేల కావడం వల్ల ఈ ప్రాంతానికి ఉన్న కష్టాలు ఎన్నో. కుండ నీళ్ల విషయంలో మాత్రం ఆ పొడి గాలే మేలు చేస్తుంది. ఏ కుండైనా తడి బల్బు హద్దును పూర్తిగా చేరదు, అంతకు కొంచెం పైనే ఆగుతుంది, ఎందుకంటే బయటి వేడి గాలి కూడా కుండ గోడను నిరంతరం వేడిచేస్తూనే ఉంటుంది.

మొదటి ఉష్ణోగ్రత ప్రభావం ఇక్కడ స్పష్టంగా చూడవచ్చు. ఆ మధ్యాహ్నపు గాలిలో ఉన్న నీటి ఆవిరి పీడనం 1.6 కిలోపాస్కల్‌లు. 42 డిగ్రీల నీటి ఉపరితలం దగ్గర అది 8.2, 26 డిగ్రీలకు దిగిన నీటి దగ్గర 3.4. ఈ రెండింటికీ గాలితో ఉన్న తేడాలు పోలిస్తే, వెచ్చని నీరు పోసిన కొత్తలో కుండ చెమర్చి ఆరే జోరు చివరి దశ కంటే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ. పైగా మొదట్లో నీరూ గాలీ ఒకే వేడిలో ఉంటాయి కాబట్టి బయటి నుంచి లోపలికి వచ్చే వేడి కూడా ఉండదు. నీరు చల్లబడే కొద్దీ బయటి గాలి దాన్ని వెనక్కి లాగడం మొదలవుతుంది. ట్యాంకు నీరు పోసినా, 29 డిగ్రీల బోరు నీరు పోసినా చివరికి చేరే చల్లదనం ఒకటే. బోరు నీరు అక్కడికి ముందుగా చేరుతుంది.

ఈ యంత్రాంగమంతా కుండ రంధ్రాలు తెరిచి ఉన్నంతవరకే పనిచేస్తుంది. ఈ జిల్లాల్లో బోరు నీరు చాలాచోట్ల కఠినజలం. రోజూ ఆ నీరు చెమర్చి ఆరిపోతుంటే, అందులోని లవణాలు కుండ వెలుపలి వైపున పేరుకుంటాయి. నెలలు గడిచిన కుండ నడుము కింది భాగాన్ని దగ్గరగా చూస్తే మొదట తెల్లని మచ్చలు, ఆ తర్వాత గోటితో గీరితే పొడిగా రాలే పొర, చివరికి గరుకైన పెచ్చు కనిపిస్తాయి. కుండ అడుగున పరిచిన ఇసుక తడి తగ్గిపోవడం కూడా దానికి గుర్తే. పాత కుండ నీళ్లు చల్లగా ఉండటం లేదని ప్రతి ఏటా కొత్త కుండ కొనడం ఆచారం మాత్రమే కాదు, దాని వెనుక ఈ భౌతిక కారణం ఉంది. పెచ్చు కట్టిన కుండకు గోనెపట్టా తడిపి చుడితే కొంత ఫలితం ఉంటుంది, ఎందుకంటే అప్పుడు ఆవిరయ్యేది గుడ్డలోని నీరు.

ఇదే సూత్రం పెద్ద ఎత్తున ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం వంటి చోట్ల పనిచేస్తుంది. టర్బైన్ దాటిన ఆవిరిని తిరిగి నీరుగా మార్చే క్రమంలో వేడెక్కిన నీటిని గోపురాల పై నుంచి తుంపరలుగా జారవిడిచి, ఎదురు గాలిలో చల్లబరుస్తారు. పై నుంచి పడే నీరు మొదటి అడుగుల్లోనే ఎక్కువ వేడిని వదిలేస్తుంది; తడి బల్బు ఉష్ణోగ్రతకు దగ్గరయ్యే కొద్దీ ఒక్కో డిగ్రీ దించడానికి మరింత ఎత్తు, మరింత గాలి కావాలి. ఆ చివరి రెండు మూడు డిగ్రీలకు అయ్యే ఖర్చు ఎక్కువని తెలిసే రూపకర్తలు కావాలని హద్దుకు కొంచెం పైన ఆగిపోతారు.

ఎంపెంబా ప్రశ్న

వేన్నీళ్లు ముందుగా గడ్డకడతాయన్న మాట ఈనాటిది కాదు. అరిస్టాటిల్ దాన్ని ప్రస్తావించాడు. 1620లో ఫ్రాన్సిస్ బేకన్, 1637లో డెకార్ట్ కూడా రాశారు. మన దేశానికి సంబంధించిన సందర్భం ఒకటి ఇందులో ఉంది. అలహాబాద్ ప్రాంతంలో శీతాకాలపు రాత్రుళ్లు, గాలి సున్నా డిగ్రీలకు దిగకపోయినా, ఎండిన చెరకు, మొక్కజొన్న దంట్ల మీద పేర్చిన లోతు తక్కువ మట్టి మూకుళ్లలో నీరు పోసి తెల్లారేసరికి మంచు తయారుచేసే పద్ధతిని రాబర్ట్ బార్కర్ అనే ఆంగ్లేయుడు 1775లో వివరించాడు. ఆ మూకుళ్లలో పోసేది ముందుగా కాచిన నీరు. కాచడానికీ గడ్డకట్టడానికీ సంబంధం ఏమిటన్న ప్రశ్నను అదే సంవత్సరం జోసెఫ్ బ్లాక్ పరీక్షించాడు. ఆయన కాచిన నీటినీ కాచని నీటినీ ఒకే ఉష్ణోగ్రతకు తెచ్చాకే పోల్చాడు. రెండున్నర శతాబ్దాల కిందటే ఇంత జాగ్రత్తగా ప్రయోగం చేయడం గొప్ప సంగతి. కాచిన నీరు సున్నాకు చేరగానే గడ్డకట్టడం మొదలుపెట్టిందనీ, కాచని నీరు కదపనంతవరకు సున్నా కంటే కిందికి దిగినా ద్రవంగానే ఉండిపోయిందనీ ఆయన గమనించాడు.

ఆధునిక కాలంలో ఈ ప్రశ్నను మళ్లీ లేపినవాడు టాంజానియా బాలుడు ఎరాస్టో ఎంపెంబా. 1963లో బడిలో ఐస్‌క్రీం తయారుచేస్తూ, ఫ్రీజర్‌లో చోటు దొరకదేమోనని కాచిన పాలను చల్లారకముందే లోపల పెట్టాడు. చల్లార్చి పెట్టిన తోటి విద్యార్థి పాల కంటే అతని పాలే ముందు గడ్డకట్టాయి. ఉపాధ్యాయుడు అది జరిగే పని కాదని కొట్టిపారేశాడు. తర్వాత తన పాఠశాలకు వచ్చిన భౌతికశాస్త్ర ఆచార్యుడు డెనిస్ ఆస్బోర్న్‌ను ఎంపెంబా ఇదే ప్రశ్న అడిగాడు. ఆస్బోర్న్ దాన్ని పరీక్షకు పెట్టి, 1969లో ఇద్దరి పేరుతో వ్యాసం ప్రచురించాడు. ప్రశ్నను తోసిపుచ్చకుండా పరీక్షించిన ఆ ఆచార్యుడి పద్ధతి వల్లనే ఈ విషయం ప్రపంచమంతా చర్చకు వచ్చింది.

ఆ తర్వాత జరిగిన ప్రయోగాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. దానికి ముఖ్య కారణం గడ్డకట్టడమనే ప్రక్రియలోనే ఉంది. శుభ్రమైన నీరు సున్నా డిగ్రీలకు రాగానే మంచు కావాలన్న నియమం లేదు. మంచు స్ఫటికం మొదలవడానికి ఒక దుమ్ము రేణువో, పాత్ర లోపలి గీతో ఆధారం కావాలి. అది దొరకకపోతే నీరు సున్నాకు ఐదారు డిగ్రీలు, ఒక్కోసారి అంతకంటే దిగువన కూడా ద్రవంగానే ఉంటుంది. దీన్ని అతిశీతలీకరణ అంటారు. రెండు గ్లాసుల్లో ఏది ముందు గడ్డకడుతుందన్నది అందువల్ల కొంతవరకు యాదృచ్ఛికం. చన్నీళ్లు ముందుగా సున్నాకు చేరి కూడా ద్రవంగానే కాచుకుని ఉండవచ్చు. ఆ లోగా వెనక వచ్చిన వేన్నీళ్లకు ఆధారం దొరికి గడ్డకట్టడం మొదలుపెట్టవచ్చు. ఇది చల్లబడటంలో గెలవడం కాదు, గడ్డకట్టడం మొదలుపెట్టడంలో గెలవడం. రెంటినీ వేరుచేసి చూడని ప్రయోగం ఏదీ ఈ ప్రశ్నకు జవాబు ఇవ్వలేదు.

మరో కారణం ఫ్రీజర్ అడుగున పేరుకున్న మంచు. దాని మీద చన్నీళ్ల గిన్నె పెడితే ఆ మంచు పొర, అందులో చిక్కుకున్న గాలి కలిసి గిన్నెకూ చల్లని లోహానికీ మధ్య అడ్డుగా నిలుస్తాయి. వేడి గిన్నె ఆ మంచును కరిగించి లోహానికి అతుక్కుంటుంది, అప్పటి నుంచి వేడి నేరుగా దిగిపోతుంది. ఇళ్లలో కనిపించే ఫలితాల్లో చాలావాటికి ఇదే వివరణ సరిపోతుంది. గిన్నె కింద ఒక చెక్క ముక్కో, అట్టముక్కో పెట్టి పోల్చి చూస్తే తేడా మాయం కావాలి.

2016లో బరిడ్జ్, లిండెన్ అనే ఇద్దరు పరిశోధకులు గడ్డకట్టడాన్ని పక్కనపెట్టి, నీరు సున్నా డిగ్రీలకు చేరే సమయాన్ని మాత్రమే కొలిచారు. వేన్నీళ్లు ముందుగా చేరాయనడానికి నమ్మదగిన ఆధారం వారికి దొరకలేదు. థర్మామీటర్‌ను రెండు పాత్రల్లో ఒకే లోతులో కాకుండా ఒక సెంటీమీటరు అటూ ఇటూగా పెట్టినా లేని ప్రభావం ఉన్నట్టు కనిపిస్తుందని కూడా వారు చూపారు. చల్లబడుతున్న గిన్నెలో నీరంతా ఒకే ఉష్ణోగ్రతలో ఉండదు, వెచ్చని నీరు పైన, చల్లని నీరు అడుగున చేరుతుంది. 4 డిగ్రీల దగ్గర నీటి సాంద్రత గరిష్ఠం కాబట్టి అక్కడి నుంచి ఈ అమరిక తలకిందులవుతుంది. ఏ లోతులో కొలిచారో చెప్పని సంఖ్యకు ఈ సందర్భంలో విలువ లేదు.

అయితే ఈ ఆలోచన పూర్తిగా కొట్టివేయదగినది కాదు. 2020లో కెనడాకు చెందిన కుమార్, బెక్‌హోఫర్ నీటిలో తేలే ఒక సూక్ష్మ కణాన్ని లేజర్‌తో అదుపు చేస్తూ, ఎక్కువ వేడి స్థితి నుంచి మొదలైనది ముందుగా చల్లని స్థితికి చేరే ఏర్పాటు సాధ్యమేనని ప్రయోగంలో చూపారు. అక్కడ స్థితిని వర్ణించడానికి ఉష్ణోగ్రత అనే ఒక్క సంఖ్య చాలదు; అందుకే దాటిపోవడం సాధ్యమైంది. వంటింటి ఫ్రీజర్‌లోని నీళ్ల గిన్నెకు ఆ ఫలితాన్ని అన్వయించడం సరికాదు.

ఫ్రిజ్‌లో ఏ నీరు పెట్టాలి

ఈ జిల్లాల్లో నిత్యం ఎదురయ్యే ప్రశ్న గడ్డకట్టడం గురించి కాదు. కరెంటు పోయేలోగా తాగే నీరు చల్లబడుతుందా అన్నదే. 5 డిగ్రీల ఫ్రిజ్‌లో నీరు 12 డిగ్రీలకు రావాలనుకుందాం. 42 డిగ్రీల ట్యాంకు నీటికి పట్టే సమయాన్ని 100 అనుకుంటే, 29 డిగ్రీల బోరు నీటికి సుమారు 74, కుండలో 25 డిగ్రీలకు దిగిన నీటికి 63 పడుతుంది. ఉష్ణోగ్రతలో కనిపించినంత తేడా సమయంలో లేదు.

విద్యుత్తు లెక్క వేరు. లీటరు ట్యాంకు నీటి నుంచి ఫ్రిజ్ తీయాల్సిన వేడి 125 కిలోజౌళ్లు. కుండ నీటి నుంచి 54. సమయంలో మూడో వంతుకు పైగా ఆదా అయితే, తీయాల్సిన వేడిలో సగానికి పైగా ఆదా అవుతుంది. మొదటి దశలో వేడి నీరు తన వేడిని వేగంగా వదులుతుందన్నది నిజమే, కానీ ఆ వేడి ఎక్కడికీ మాయం కాదు. ఫ్రిజ్ లోపలి గాలికి చేరి, పక్కనున్న పాలను, పెరుగును కూడా వెచ్చబరచి, చివరికి కంప్రెసర్ నెత్తిన పడుతుంది. వెనుక వైపు గాలి 40 డిగ్రీలున్న వంటింట్లో ఆ కంప్రెసర్ ఒక్కో జౌలును బయటికి పంపడానికి శీతాకాలంలో కంటే ఎక్కువ శ్రమపడుతుంది. మధ్యాహ్నం ట్యాంకు నీరు సీసాల్లో పట్టి నేరుగా ఫ్రిజ్‌లో పెట్టడం కంటే, పొద్దున్నే కుండలో పోసి చల్లబడిన నీటిని సీసాల్లోకి మార్చడం అన్ని విధాలా మెరుగు. నన్నారి షర్బత్ బండ్ల వద్ద ఐసు త్వరగా కరిగిపోకుండా ముందు కుండ నీటితో కలిపి, ఆపైన ఐసు వేస్తే జరిగే ఆదా కూడా ఈ లెక్కలోనిదే: ఒక గ్రాము ఐసు కరగడానికి 334 జౌళ్లు కావాలి, వెచ్చని నీరు ఆ జౌళ్లను ఇట్టే అందిస్తుంది.

కాచి చల్లార్చే నీరు, వండిన అన్నం

వానాకాలంలో కాలువ నీరు బురదగా వచ్చినప్పుడు కాచి తాగమని అధికారులు చెబుతారు. మూత తీసి చల్లార్చితే త్వరగా చల్లారుతుంది, కానీ దుమ్ము పడుతుంది, చేతులు పడతాయి. మూత పెట్టిన గిన్నెను వెడల్పాటి పళ్లెంలో పోసిన చన్నీళ్లలో ఉంచడం ఇంతకంటే మంచి మార్గం. నీటికి గాలి కంటే వేడిని మోసే శక్తి ఇరవై రెట్లకు పైగా ఎక్కువ. పళ్లెంలో నీరు వెచ్చబడగానే మార్చాలి, ఎందుకంటే ఇక్కడ కూడా వేగాన్ని నిర్ణయించేది తేడానే. ఒక హెచ్చరిక అవసరం: అనంతపురం జిల్లాలో అనేక గ్రామాల బోరు నీటిలో ఉన్న ఫ్లోరైడ్ కాచడం వల్ల పోదు, నీరు ఆవిరై తగ్గిన మేరకు దాని గాఢత పెరుగుతుంది. కాచడం క్రిములకు మందు, ఫ్లోరైడ్‌కు కాదు.

వండిన పదార్థాల విషయంలో ఈ ప్రాంతపు వేసవి ఒక ప్రత్యేక ఇబ్బంది కలిగిస్తుంది. 60 డిగ్రీలకు దిగువన, 5 డిగ్రీలకు పైన ఉన్న ఆహారంలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి కాబట్టి వండిన పదార్థాలను రెండు గంటలకు మించి బయట ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 90 డిగ్రీల పప్పు 60 డిగ్రీలకు గబగబా దిగుతుంది. 25 డిగ్రీల గదిలోనైతే అది అక్కడి నుంచి కూడా చెప్పుకోదగ్గ వేగంతోనే కిందికి వస్తుంది. మే నెల కర్నూలు వంటింట్లో గాలి 38 డిగ్రీలు ఉన్నప్పుడు, మూత పెట్టిన గిన్నె ఎంతసేపు ఉంచినా ఆ 38కి దిగువకు రాదు. 45, 40 డిగ్రీల మధ్యే గంటల తరబడి ఆగిపోతుంది, సూక్ష్మజీవులకు బాగా నచ్చే వెచ్చదనం సరిగ్గా అదే. పూర్తిగా చల్లారాకే ఫ్రిజ్‌లో పెట్టాలన్న అలవాటు, చల్లని ప్రాంతాల్లో అంతగా హాని చేయకపోయినా, ఇక్కడ ఆహారాన్ని పాడుచేస్తుంది. చల్లారడం మొదటి దశలో వేగంగా జరుగుతుంది కనుక ఆ దశను బయట వెడల్పు పళ్లేల్లో, పళ్లెం కింద చన్నీళ్లతో పూర్తిచేసి, ఆవిరి తగ్గగానే చిన్న గిన్నెల్లోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టడం ఉత్తమం. పెద్ద గిన్నెను అలాగే పెడితే మధ్యభాగం తెల్లవారేదాకా వెచ్చగానే ఉంటుంది.